చెరువులో పడవకు తగిన చోటు

రాయలసీమలో చెరువు నిండుట పండుగతో సమానము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో సంవత్సరమునకు కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందును పెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే పడును. అందుచే చెరువు మరువ పారినదన్న వార్త వినినంతనే ఊరంతయు కట్టమీదికి వచ్చును. పెద్దలు నీటిమట్టమును చూచి ఆయకట్టులో ఎన్ని మళ్లు తడియునో లెక్క వేసికొందురు. పడుచువారి దృష్టి వేరు. ఇంత నీరు కన్నులయెదుట నుండగా పడవ వేసికొని తిరుగరాదా యని వారికి తోచును. ఆ కోరికలో తప్పు లేదు. ఏ చెరువులో, ఏ వైపున, ఏ వేళ పడవ దింపవలెనో తెలియకుండ దింపుటయే తప్పు. ఆ విషయమును ఇచట కొంత వివరింపదలచినాము.

ఇటీవల మన యువకుల నోట కయాకు అను మాట వినవచ్చుచున్నది. ఉత్తర ధ్రువమునకు సమీపమున మంచుదేశములలో నివసించు ఇన్యూట్ జాతివారు, సముద్రము ఒడ్డునకు తెచ్చిన కొయ్యతోను, తిమింగలపు ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు అను జలచరముయొక్క తోలు బిగించి వేటకై చేసికొనిన సన్నని పడవ ఇది. నడుపువాడు కాళ్లు ముందునకు చాచి కూర్చుండి, రెండు కొనలయందును రెక్కలు గల తెడ్డుతో కుడియెడమల నీటిని త్రోయుచు పోవును. 1936లో బెర్లినునందు జరిగిన ఒలింపిక్ క్రీడలనుండి దీనికి పందెములు కూడ నడచుచున్నవి. నేడు వీనిని ఎక్కువగా ప్లాస్టిక్కుతో పోతపోయుచున్నారు. కడప జిల్లా గండికోటలో పెన్న నీటిపై యాత్రికులు వీనిని నడుపుచున్నారు.

మన పుట్టి దీనికి దూరపు చుట్టమే. వెదురుబద్దలు గంపవలె అల్లి, పైన తోలు బిగించి చేయుట మన పూర్వుల పద్ధతి. తోలు పోయి తారు పూసిన గోనె, అటుపిమ్మట ప్లాస్టిక్కు పట్ట వచ్చినవి. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ గంపపడవలను గూర్చి వ్రాసినాడు. పదునైదు ఇరువదిమంది ఎక్కదగినవి కలవనియు, అవి తిన్నగా పోక ఎల్లప్పుడు గుండ్రముగా తిరుగుచుండుననియు ఆయన గమనించెను. ఐదు వందల సంవత్సరములు గడచినను పుట్టి స్వభావము మారలేదు. కయాకు బాణమువలె పోవును, కాని ఒక ప్రక్కకు ఒరిగినచో త్వరగా బోర్లపడును. పుట్టి అంత సులభముగా ఒరగదు, కాని గాలి పట్టినచో నడుపువాని మాట వినదు. చోటు చూచుకొను విషయమున మాత్రము రెండింటికిని ఒకటే నియమము.

ఈ వ్రాత కేవలము వినోదము కొరకు కాదు. 2017వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన అనంతపురము జిల్లా గుంతకల్లు మండలములోని వై.టి. చెరువులో విహారమునకై ఎక్కిన పడవ మునిగి పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో స్త్రీలు, పిల్లలు ఉండిరి. మోయగలిగినదానికంటె ఎక్కువమంది ఎక్కిరని ఆనాటి వార్తలు తెలిపినవి. అది మహానది కాదు, వరద కాదు, తుపాను కాదు; మన చెరువులవంటి చెరువే.

చెరువును మొదట దాని ఆకారమును బట్టి తెలిసికొనవలెను. మనవి సహజముగా ఏర్పడిన సరస్సులు కావు. వాగునకో నదికో అడ్డముగా కట్ట వేసి నీటిని నిలిపినవి. కావున లోతు నడుమ నుండునని తలచుట పొరపాటు. లోతు కట్టదగ్గర ఉండును. తూమున్న తావున మరింత ఎక్కువ. కట్టకు ఎదురుగా, నీరు వచ్చి చేరు వైపున, నేల మెల్లమెల్లగా ఎత్తగుచు పోవును. అక్కడ మోకాలిబంటి నీరు చాలదూరము పరచుకొని యుండును. క్రొత్తగా తెడ్డు పట్టినవారికి కావలసినది ఆ వైపే. కయాకు తేలుటకు జానెడు నీరు చాలును. తెడ్డు అడుగు తగులకుండుటకు మూడడుగులున్నచో ఎక్కువే. బోర్లపడినను నిలుచుండగల లోతులో నేర్చుకొనినవాడు భయము లేక నేర్చుకొనును.

తూమునకు, మరువకు మాత్రము పడవను చేరనీయరాదు. తూము తెరచియున్నప్పుడు పైకి నీరు కదలనట్లే కనిపించును. అడుగున మాత్రము అది బలముగా లాగుచుండును. సుడి కనబడునప్పటికే ఆలస్యమగును. మరువపై జానెడు నీరు పారుచున్నను దాని లాగుడు తెడ్డు బలమునకు మించినది. మరువ దిగువున పడిన నీరు తిరిగి వెనుకకు మరలుచు, చిక్కినవానిని అక్కడనే త్రిప్పుచుండును. ఈతగాండ్రు సైతము అందుండి బయటపడుట కష్టము. మరువ పారుచున్న దినములలో అసలు పడవ మాట తలపెట్టక, కట్టమీద నిలిచి చూచి ఆనందించుటయే మేలు.

పూర్వులు చెరువు కట్టుటకు ముందు ఎంత యోచించిరో తెలిసినచో మనకును కొంత జ్ఞానము కలుగును. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువువద్ద 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. మంచి చెరువునకు పన్నెండు అంగములు, ఆరు దోషములు అందు చెప్పబడినవి. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల ఎల్లపై ఉండుట మొదలగు దోషములతోపాటు చెరువు నడుమ తాబేటి వీపువలె నేల ఉబికియుండుట కూడ ఒక దోషమనిరి. శాసనకర్త తలపెట్టినది నీటి నిలువ. కాని పడవవానికి కూడ ఆ తాబేటి వీపు శత్రువే. నీరు నిండుగా నున్నప్పుడు అది కనబడదు. రెండడుగులు తగ్గినంతనే పడవ అడుగు రాచుకొనును. లేదా దానిచుట్టు అలలు అకస్మాత్తుగా నిటారుగా లేచును.

అట్టి మిట్టలను, గుంటలను తెలిసికొనుట యెట్లు? ఇందు మన ప్రాంతమువారికి ఒక సౌకర్యము కలదు. అది కరవు ఇచ్చిన సౌకర్యమే యైనను చెప్పక తప్పదు. సంవత్సరము పొడుగున నీరుండు పెద్ద సరస్సుల అడుగును ఎవరును చూడలేరు. మన చెరువులో వేసవియందు నడచి చూడవచ్చును. ఏప్రిల్, మే నెలలలో నీరు ఇంకినప్పుడు ఒక సాయంకాలము చెరువులోనికి దిగి, ఆ గట్టునుండి ఈ గట్టునకు నడువుడు. ఎండిన సర్కారు తుమ్మ మోడులు ఎక్కడ నిలిచియున్నవి, మన్ను త్రవ్వి తీసికొనిపోయిన గుంటలెక్కడ, పాత బావులెక్కడ, గుండ్లెక్కడ అని చూచి, ఒక కాగితముమీద గీచుకొనుడు. గట్టుమీది గుడి, చింతచెట్టు, కరెంటు స్తంభము ఇత్యాదులను గుర్తుగా పెట్టుకొనుడు. వర్షకాలమున ఎర్రనీరు నిండిన పిదప ఆ కాగితమే మీకు కన్ను.

ఇందు మన్నుగుంటల విషయము మరికొంత చెప్పవలసియున్నది. పూడిక తీయుట మంచిపనియే. కాని ఇటుకలకనియు, పొలములకనియు, రోడ్లకనియు యంత్రములతో ఒకేచోట త్రవ్వినచో నిటారుగా గోడలు గల గుంటలేర్పడును. మొలబంటి నీటిలో నడచుచున్నవాడు ఒక్క అడుగు వేసినంతనే నిలువెత్తునకు మించిన లోతులో పడును. చెరువులలో జరుగు మరణములకు ఇదియొక ముఖ్యకారణము. పడవలో నున్నవానికి గుంట వలన బాధ లేదు; దిగువేళ, ఎక్కువేళ, బోర్లపడినవేళ ఉన్నది. కావున పడవ దించు రేవు వేసవిలో కాలితో తొక్కి చూచిన నేలయై యుండవలెను. వినాయక విగ్రహములు నిమజ్జనము చేయు తావును కూడ విడిచిపెట్టవలెను. ఇనుపచువ్వలు, కొయ్యచట్రములు అడుగున నిలిచి ప్లాస్టిక్కు పట్టను, కాళ్లను చీల్చును. పట్టణపు మురుగుకాలువ వచ్చి కలియు మూలను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు, ముక్కే చెప్పును.

ఇక గాలి. నీటిలోతు తెలిసినవారు కూడ గాలిని లెక్కచేయరు, చిక్కంతయు అక్కడనే. ధర్మవరమునకు సమీపమున రామగిరి గుట్టలపై గాలిమరలను చూడనివారు ఈ ప్రాంతమున ఉండరు. గాలి బలముగా వీచు చోటనే వానిని నిలుపుదురు గదా! జూన్ మొదలు ఆగస్టు వరకు పడమటి గాలి మన మైదానములపై అడ్డులేక వీచును. నవంబరునుండి ఫిబ్రవరి వరకు తూర్పు, ఈశాన్య దిక్కులనుండి మెల్లగా వచ్చును. చెరువులు నిండియుండునదియు ఆ నెలలలోనే కావున పడవకు అదియే మంచి కాలము. దినములో వేకువ మంచిది. ప్రొద్దెక్కి నేల వేడెక్కినకొలది గాలి లేచును. తొమ్మిది గంటలకు అద్దమువలె నున్న చెరువు పదకొండు గంటలకు గరుకెక్కును.

అల పెరుగుట గాలి బలముమీదనే గాక, ఆ గాలి నీటిపై ఎంతదూరము సాగివచ్చినదను దానిమీద కూడ ఆధారపడును. గాలి వచ్చు వైపు గట్టువద్ద నీరు నిశ్చలముగా నుండును. అదే గాలి చెరువంతయు దాటి అవతలి గట్టు చేరునప్పటికి అలలు పెద్దవగును. అవతల ఉన్నది రాతి పరుపు వేసిన కట్టయైనచో అలలు రాళ్లను కొట్టి వెనుకకు మరలి, వచ్చు అలలతో ఢీకొని నీరు కుతకుత ఉడుకుచున్నట్లుండును. అక్కడ పడవను అదుపులో నుంచుట అనుభవము గలవారికే కష్టము.

అందుచే గాలి వచ్చు వైపు గట్టును ఎన్నుకొనవలెను. కాని అందొక మోసము కలదు. ఆ గట్టున నిలిచి చూచువానికి చెరువంతయు ప్రశాంతముగా తోచును. దూరపు అలల వీపులే కాని ముఖములు కనబడవు. గాలి వీపున త్రోయుచుండగా పడవ సుఖముగా సాగిపోవును. ఎంతదూరము వచ్చితిమో తెలియదు. వెనుకకు త్రిప్పినప్పుడు తెలియును. ఈ పాఠము మేము పుస్తకములలో నేర్చుకొనలేదు. చాల సంవత్సరముల క్రిందట వేరొక జిల్లాలోని ఒక చెరువులో, ఇద్దరు మిత్రులతో పుట్టి ఎక్కి ఇట్లే బయలుదేరినాము. నడుమకు చేరునప్పటికి గాలి లేచినది. ఒకరు తెడ్డు వేయగా పుట్టి గిరగిర తిరుగుటయే కాని ముందునకు రాలేదు. చివరకు కట్టరాళ్లపై పడి, మోచేతులు కొట్టుకొనిపోయి, పుట్టిని తలపై మోసికొని కట్టచుట్టు నడచి బయలుదేరిన రేవునకు వచ్చినాము. చూచుచున్న పసులకాపరి పిల్లలు నవ్విన నవ్వు ఇప్పటికిని మరువలేదు.

కావున ఆ గట్టున దిగినవారు గట్టువెంబడియే సాగవలెను, నడుమకు పోరాదు. మొదట గాలికి ఎదురుగా తెడ్డు వేసి, అలసట తోచినంతనే తిరిగి, రాకలో గాలి సాయమును పొందవలెను. తాము ఈది చేరగలిగినంత దూరమునకు మించి గట్టును విడువరాదు. అలల తలలు తెల్లబడుచున్నచో క్రొత్తవారు ఆ దినము పడవ దింపనేరాదు. ఏప్రిల్, మే నెలలలోను, సెప్టెంబరు, అక్టోబరు సాయంకాలములలోను ఉరుము వినబడినంతనే ఒడ్డు చేరవలెను; చదునైన నీటిపై కూర్చున్న మనిషియే పిడుగునకు ఎత్తయిన గురి.

ఇప్పుడు మన చెరువులకు వత్తము. నందికొండల ప్రాంతమున పుట్టిన చిత్రావతి పుట్టపర్తిమీదుగా వచ్చి మొదట బుక్కపట్టణము చెరువును, పిదప ధర్మవరము చెరువును నింపి, కడప జిల్లాలో పెన్నలో కలియును. ఈ రెండును ఈ ప్రాంతపు పెద్ద చెరువులలోనివి. రెండును విజయనగర కాలపువని ప్రతీతి. క్రియాశక్తి ఒడెయరు ధర్మవరము చెరువును కట్టించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరు నెలకొల్పెనని స్థానికులు చెప్పుదురు. విశాలమైన నీరు, దూరమువరకు సాగు లోతులేని అంచు, నిలిచి చూచుటకు పొడవైన కట్ట ఇచట కలవు; శీతకాలపు వేకువను పడవకు ఇంతకంటె మంచి తావు అరుదు. కాని విశాలమైన నీటికి గాలి కూడ విశాలమే. ఇట్టి చెరువులలో నడుమకు పోవుట అనుభవజ్ఞులకు, అదియు రెండు మూడు పడవలు కలిసి పోవునప్పుడే తగును. నది వచ్చి చెరువున కలియు మూల చూచుటకు అందముగా నుండును; పైన వాన పడిన వార్త వచ్చినచో ఆ మూలను విడువవలెను. చిత్రావతి ఎండినంత కాలము ఇసుకయే. ఉప్పొంగినప్పుడు దాని తీరు వేరు. 2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీన చెన్నేకొత్తపల్లి మండలము వెల్దుర్తివద్ద ఆ ప్రవాహమున చిక్కిన పదిమందిని వైమానిక దళపు హెలికాప్టరు వచ్చి రక్షింపవలసివచ్చెను.

పెనుకొండ కథ వేరు. 1565లో తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగర రాజులు తమ రాజధానిని ఇచటికి మార్చిరి. అంతకు చాల ముందే, 1388లో, పెనుకొండను పాలించుచున్న ప్రతాప బుక్కరాయలు ఊరికి పెన్న నీటిని తెప్పింప సంకల్పించి, జలసూత్రమున నిపుణుడైన సింగయభట్టునకు ఆ పని అప్పగించెను. ఆయన హిందూపురమునకు ఆవల నున్న కల్లూడినుండి కాలువ త్రవ్వించి సిరువెర చెరువునకు నీరు చేర్చినట్లు శాసనము తెలుపుచున్నది. దూరపు నదినుండి పెనుకొండకు నీరు తెచ్చుట ఆనాటినుండి వచ్చుచున్న యోచనయే. నేడు హంద్రీ-నీవా పథకమున శ్రీశైలమునుండి ఎత్తిపోయు కృష్ణ నీరు పెనుకొండ సమీపమున గొల్లపల్లి జలాశయమునకు 2016లో చేరినది. దీనివలన పడవవారు గమనింపవలసినది ఒకటి కలదు. పూర్వము ఊరిలో వాన కురిసినచో చెరువు పెరుగును, లేకున్న తరుగును. ఇప్పుడు ఆకాశమున మబ్బు లేకున్నను కాలువనీరు వచ్చి మట్టము పెరుగవచ్చును. నిన్న కనబడిన మోడు నేడు మునిగియుండవచ్చును. గొల్లపల్లివంటి జలాశయములు ప్రజల అవసరములకు నీటిని నిలుపు కట్టడములు. అందు జలవనరుల శాఖ అనుమతి లేనిదే ఏ పడవయు దింపరాదు.

పెనుకొండవంటి గుట్టలదరి చెరువులలో మరొక సంగతి కలదు. కొండ గాలిని ఆపునని తలతుము. ఆపునది నిజమే, కాని ఎడనెడ కనుమలగుండ దూకు గాలి ఒక్క విసురుగా వచ్చి నీటిపై పడును. నీటిమీద నల్లని మచ్చవలె గరుకు పరుగెత్తి వచ్చుచున్నచో అది గాలివిసురని గుర్తించి, తెడ్డును నీటికి దగ్గరగా దించి పట్టుకొని, అది దాటిపోవువరకు నిలువవలెను.

హిందూపురము వైపున పెన్న, జయమంగళి కలియు ప్రాంతమున చెరువులు చాల ఉన్నవి. ఎక్కువభాగము లోతు తక్కువవి, నేర్చుకొనువారికి అనుకూలములు. కాని తుంగ, జమ్ము పెరిగిన చోట తెడ్డు చిక్కుపడును. ఆ జమ్ము పక్షులకు ఇల్లు కూడ. చిలమత్తూరు మండలములోని వీరాపురమునకు ఏటేట శీతకాలపు చివర ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఊరిలోని చెట్లపైననే గూళ్లు కట్టి పిల్లలను లేపును. ఆ ఊరివారు వానిని ఇంటి ఆడబిడ్డలవలె కాపాడుచున్నారు. పిల్లలకు మేత తెచ్చుటకు కొంగలు చుట్టుపట్ల చెరువుల అంచులనే వెదకును. అవి మేయు మూలకు పడవతో పోయి లేపినచో గూటిలోని పిల్లల నోటికాడిది తీసినట్లగును. కొంగలు వ్రాలియున్న అంచును విడిచి, అవి తల ఎత్తి చూడనంత దూరముగా తిరుగవలెను.

చెరువునకు చేపల హక్కు గల మత్స్యకారుల సంఘమువారితో ముందుగా మాటలాడుట మరువరాదు. ఇది మర్యాద మాత్రమే కాదు. రాత్రి వేసిన వలలెక్కడ నున్నవో వారికే తెలియును. వలలో చిక్కిన తెడ్డు వలన వారికి నష్టము, మనకు అపాయము. తూము ఎప్పుడు తెరతురో నీరుగంటిని అడుగవలెను. మేము వెళ్లిన చెరువులన్నిటిలోను ఇట్టివారు అడిగినదానికంటె రెండింతలు చెప్పినారు, అడుగువారే అరుదు.

పడవయందుండవలసిన వస్తువులను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. ఒక్కొక్కరికి ఒక్కొక్క లైఫ్‌ జాకెట్టు, అదియు పడవలో పెట్టుటకు కాక ఒంటికి బిగించుకొనుటకు. ఈత వచ్చినవారు తమకు అక్కరలేదందురు. బోర్లపడినప్పుడు తలకు తెడ్డు తగిలినవానికి ఈత జ్ఞప్తికి రాదు. త్రాగునీరు, టోపీ, ఒక ఈల, నీటిని తోడిపోయుటకు చిన్న చెంబు. పుట్టి ఎంతమందిని మోయునో దానిని కట్టినవానిని అడిగి, అంతకు ఒకరిని తగ్గించి ఎక్కవలెను. పడవ బోర్లపడినచో దానిని విడిచి ఈదరాదు, పట్టుకొని యుండవలెను. మునిగినట్లున్నను అది తేలును, దూరమునుండి చూచువారికి తలకంటె అదియే ముందు కనబడును.

బయలుదేరుటకు ముందు ఏ రేవున దిగుదురో, ఎన్ని గంటలకు తిరిగివత్తురో ఇంటివారికి చెప్పిపోవలెను. గట్టుమీద ఒకడు ఫోనుతో కూర్చుండవలెను. ఆపదయైనచో 112 సంఖ్యకు చెప్పవలసినది చెరువు పేరు మాత్రమే కాదు. ఏ ఊరివైపు గట్టు, తూమునకు కుడియా ఎడమయా అని కూడ చెప్పవలెను. పెద్ద చెరువు చుట్టు నాలుగైదు ఊళ్లుండును. తప్పు గట్టునకు వచ్చిన బండి తిరిగి చుట్టివచ్చుటకు అరగంట పట్టును.

తిరిగివచ్చిన పిదప పుట్టిని నీటిలో వదలక ఒడ్డునకు లాగి, బోర్లించి, నీడలో ఆరనీయవలెను. తడిసిన వెదురు లోలోపల కుళ్లును. మరల ఎక్కుటకు ముందు బద్దలను ఒక్కొక్కటిగా బొటనవ్రేలితో నొక్కి చూడవలెను.